వేలితో లేచే ట్రాలీ

మే 26

డాక్టరు రాయమన్నాడు కాబట్టి రాస్తున్నాను. నడుము ఎప్పుడు పట్టేస్తోంది, ఏం ఎత్తితే పట్టేస్తోంది, రోజూ రాసి రెండు నెలల తర్వాత తెచ్చి చూపించమన్నాడు. ముప్పై ఏళ్ళుగా బత్తలపల్లెలో మోటారుసైకిళ్ళు బాగుచేస్తున్నాను. బిల్లుబుక్కు తప్ప ఏదీ రాసిన పాపాన పోలేదు. శెనక్కాయ విత్తనాలవాళ్ళు ఇచ్చిన డైరీ ఒకటి షాపులో దుమ్ము పట్టి ఉంటే తీశాను.

ఈ రోజు: నొప్పి ఉంది. చెన్నేకొత్తపల్లి దారిలో ఆగిపోయిన బుల్లెట్టును నేనూ, తమ్ముడు ఓబిలేషూ కలిసి అద్దె ఆటోలోకి ఎత్తాం. నడుములో టక్కుమంది. అరగంట రోడ్డు పక్కనే పడుకున్నాను. ఓబిలేష్ నా తలకింద తన చొక్కా పెట్టి, "అన్నా, ఇట్ల ఎన్ని దినాలు ఎత్తుతాం? మన జీపుకు తగిలించుకునేదొకటి చిన్న ట్రాలీ చూసుకుందాం" అన్నాడు. పడుకున్న మనిషికి బుద్ధి చెప్పడం తేలిక. కానీ వాడు చెప్పింది నిజమే.

మే 29

నొప్పి ఉంది. వంగితేనే.

ట్రాలీలు చూడ్డానికి ఇద్దరం తిరిగాం. ధర్మవరంలో ఒక పాత ట్రాక్టరు ట్రాలీ ఉంది. మంచం లాంటి ఇనుము, కానీ ఎత్తు నా నడుము దాకా ఉంది. దాంట్లోకి ఎత్తడానికి ఆటో ఏం పాపం చేసింది? తర్వాత బెంగళూరు నుంచి తెచ్చిన రెడీమేడ్‌ది ఒకటి చూపించారు. ముద్దుగా ఉంది. ఒకే బండి పడుతుంది. చక్రాలు చంటిపిల్లల బండికి ఉన్నట్టున్నాయి, మన రోడ్ల మీద నెల ఉండవు. ఓబిలేష్‌కి అదే నచ్చింది. రంగు చూసి పడిపోయే రకం.

నాకు కావలసింది నేలకు మూరెడు ఎత్తులో ఉండాలి. వెనక పలక దించితే బండిని తోసుకుంటూ ఎక్కించాలి. రెండు బండ్లు పక్కపక్కన పట్టాలి. హుక్కుకు తగిలించేటప్పుడు నా నడుము వంచకూడదు. అలాంటిది ఎవరూ అమ్మరు. కట్టించుకోవాలి.

మే 31

వెల్డింగు తిప్పేస్వామికి కొలతలు ఇచ్చాను. మంచి పనివాడే, నోరే కొంచెం జాస్తి.

ఇరుసు దగ్గర పేచీ వచ్చింది. సుద్దముక్కతో నేల మీద ట్రాలీ గీసి, ఇరుసును నడిమికంటే వెనక్కి గీశాడు. "అన్నా, నీళ్ళ ట్యాంకర్లకు ఇట్లనే పెడతాం. హుక్కు మీద కొంచెం బరువు కూచోవల్ల."

"ఎంత బరువు?"

"ఒగ సిమెంటు మూటంత."

సిమెంటు మూట. రోజుకు నాలుగుసార్లు నేను సిమెంటు మూట ఎత్తి జీపుకు తగిలించాలన్నమాట. ఇంక ట్రాలీ ఎందుకు నాకు?

మా నాయన తిప్పయ్య కట్టిన ఎద్దులబండికి ఈ చుట్టుపక్కల పేరు. బరువంతా ఎక్కించాక కాడిమాను కింద చూపుడువేలు పెట్టి లేపేవాడు. వేలితో లేవలేదంటే మూటలు దించి వెనక్కి సర్దాల్సిందే, ఎంత పొద్దుపోయినా సరే. "ఎద్దు నోరిప్పి జెప్పదురా. దాని మెడ మీద నువ్వు కూచుంటే ఎట్లుంటాదో చూసుకో" అనేవాడు. ఆయన ఎద్దుల మెడ మీద ఒక్క పుండు నేను చూడలేదు. ఆయన పోయి పాతికేళ్ళయినా మొన్నామధ్య కూడా ఒక ముసలాయన షాపుకొచ్చి నాయన బండి గురించి చెప్పుకొని కళ్ళు తుడుచుకున్నాడు.

ఇరుసు జానెడు ముందుకు జరపమన్నాను. తిప్పేస్వామి నవ్వాడు. "జీపుకు మెడ ల్యాదన్నా."

ఒళ్ళు మండింది. "తిప్పయ్య కొడుక్కి బండి కట్టేది నువ్వు నేర్పిస్తావా?" అన్నాను.

వాడు గీత కాలితో చెరిపేసి, జానెడు ముందుకు ఇంకో గీత గీశాడు. "నీ ఇష్టం. మల్ల నన్ను అనొద్దు."

ఓబిలేష్ ఆ టైములో టీ చెప్పడానికి పోయి ఉన్నాడు.

జూన్ 12

ట్రాలీ వచ్చింది!

ఆకుపచ్చ రంగు. వెనక పలక మీద 'తిప్పయ్య ఆశీస్సులతో' అని రాయించాను. టెంకాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాం. రెండు బండ్లు ఎక్కించి, జీపుకు తగిలించే నొగ కింద చూపుడువేలు పెట్టి లేపాను. లేచింది. పూలమాల ఎత్తినట్టు లేచింది. టీకొట్టు దగ్గరున్నవాళ్ళంతా వచ్చి తలా ఒకసారి వేలితో లేపి చూశారు. నా భార్య హేమలత కూడా లేపింది. నాకు నాయన గుర్తొచ్చాడు. పదిమందిలో ఏడవకూడదని స్పానరు వెతుక్కుంటున్నట్టు లోపలికి పోయాను.

నొప్పి లేదు.

జూన్ 14

నొప్పి లేదు.

జూన్ 17

మొదటిసారి దూరం పంపించాను, ఉరవకొండకు. జీపు నడిపేది ఓబిలేషే. వాడికి ముప్పైరెండేళ్ళు, పదహారో ఏట నుంచి స్టీరింగు పట్టాడు, ఇంతవరకూ కోడిపిల్లను కూడా తొక్కలేదు.

రాగానే జీపు దిగి ట్రాలీ చుట్టూ ఒకసారి తిరిగాడు. "అన్నా, యాభై దాటితే తోక ఊగుతాండాది."

"గాలిరా. ఆషాఢం ముందు గాలి. గాలిమరల దారిలో మనుషులే ఊగుతారు."

"అంతేనేమో" అన్నాడు.

నొప్పి లేదు.

జూన్ 22

ఉరవకొండ మెకానిక్ శివప్ప పని కట్టుకుని వచ్చాడు. ఆయన కూడా ఇలాంటిదే కట్టించుకోవాలని. వేలితో లేపి, "ఏమప్పా రాజేంద్రా, ఇది ఇనుమా, బెండా?" అన్నాడు. టేపు తీసి నొగ నుంచి ఇరుసు దాకా, ఇరుసు నుంచి తోక దాకా ఒక్కోటీ కొలిచి సిగరెట్టు పెట్టె మీద రాసుకున్నాడు. ఇరుసు ఎక్కడ పెట్టాలన్నదే అసలు కిటుకని నేనే వివరంగా చెప్పాను. నాయన సంగతీ చెప్పాను. మధ్యాహ్నం అన్నం తిని పోయాడు.

ఆయన పోయాక ఓబిలేష్ అన్నాడు: "ఊగేది జెప్పినావా?"

"గాలి సంగతి ఆయనకు తెలీదా? ఉరవకొండవాడు."

జూన్ 29

మళ్ళీ ఊగిందట. గాలి ఎక్కువగా ఉంది. టైర్లలో గాలి తక్కువేమోనని చూశాను, సరిగ్గానే ఉంది. అయినా ఇంకొంచెం కొట్టాను. హుక్కు లూజేమోనని కొత్త పిన్ను వేశాను. వాన జాడ లేదు. విత్తనం వేసినవాళ్ళు ఆకాశం చూసి చూసి మెడలు పట్టేసి షాపు ముందు కూర్చుంటున్నారు.

నొప్పి లేదు.

జూలై 4

తోక ఊగుతోందంటే తోక తేలిగ్గా ఉందని అర్థం. ఈ చిన్న సంగతి ఇన్ని రోజులు తట్టలేదు. రెండు సంచుల ఇసుక నింపి వెనక పలక దగ్గర పెట్టించాను. ఇప్పుడు నొగ వేలితో కూడా అక్కర్లేదు, దానంతట అదే పైకి లేస్తోంది. హుక్కులో వేసి పిన్ను బిగిస్తే కదలదు.

ఓబిలేష్ సంచులవైపు చూస్తూ నిలబడ్డాడు. "ఇంగా జాస్తి ఐతాదేమో అన్నా."

"నాయన బండి కట్టేటప్పుడు నువ్వు ఉయ్యాలలో ఉన్నావు" అన్నాను. వాడికి నాయనతో ఎక్కువ కాలం గడవలేదు. అలా అనకుండా ఉండాల్సింది.

జూలై 6

వాడి భార్య చౌడేశ్వరి షాపుకు వచ్చింది. ఎప్పుడూ రాదు. "బావా, ఆయప్ప నిద్దట్లో కాళ్ళు ఆడిస్తాండాడు, బ్రేకు తొక్కినట్ల. ఆ ట్రాలీ అంటే భయపడతాండాడు. నీకు జెప్పలేడు" అంది.

చూస్తాలేమ్మా అన్నాను. చూడ్డానికి ఏముంది? గాలి.

జూలై 9

గుత్తికి పోయొచ్చాడు. ఈసారి అస్సలు ఊగలేదట. నవ్వుకుంటూ దిగాడు. "అన్నా, ఈ దినం పట్టాల మీద రైలు పోయినట్ల వచ్చినాది!"

ట్రాలీ చూశాను. ఇసుక సంచులు ముందుకొచ్చి ఉన్నాయి, నొగ పక్కన. వెనక పలక దించడానికి అడ్డమొచ్చాయని వాడే జరిపాడట. రెండు బండ్లు కూడా ముందుకు తోసి కట్టాడు. నొగ ఎత్తబోయాను. నడుము చురుక్కుమంది. సంచులు మళ్ళీ వెనక్కి పెట్టించాను.

ఊగకపోవడానికి కారణం, ఈ రోజు గాలి లేదు.

అన్నంలో దుమ్ము పడిందని హేమలత కిటికీలు మూస్తూ సాయంత్రమంతా విసుక్కుంటూనే ఉంది.

నొప్పి కొంచెం ఉంది.

జూలై 14

పెద్ద గొడవ.

అనంతపురం దాటాక జీపును రోడ్డు పక్కన ఆపేసి ఫోన్ చేశాడు. తోక ఊగుతోంది, ఇంక నడపలేను అన్నాడు. నేను బస్సులో పోయి తెచ్చుకోవాల్సి వచ్చింది. రాగానే షాపు ముందు, నలుగురూ చూస్తుండగా, చేతకాకపోతే గాజులు తొడుక్కోమన్నాను. పదహారేళ్ళ నుంచి నడుపుతూ గాలికి భయపడేవాణ్ణి నిన్నే చూశానన్నాను.

వాడు తాళంచెవి నా చేతిలో పెట్టాడు. అరవలేదు. "ఇరుసు ఒగసారి తిప్పేస్వామికి చూపించు అన్నా" అన్నాడు అంతే.

వాడికి తిప్పేస్వామి ఏమైనా చెప్పాడా? చెప్పి ఉండడు. చెప్పి ఉంటే వీడు నన్ను అడిగేవాడు.

జూలై 15

నొప్పి లేదు.

జూలై 17

నేనే నడిపాను. ధర్మవరం దాకా. నలభైలో పోతే ఏమీ లేదు.

వెనక అద్దంలో చూస్తే ఓబిలేష్ తన బండి మీద వస్తున్నాడు. దిగి అడిగితే, "ఎనకాల ఉండి తోక చూస్తాంటా. జాస్తి ఊగితే హారన్ కొడతా, నువ్వు నిదానించు" అన్నాడు. అన్ని మాటలు అన్నాక కూడా వచ్చాడు. నాకు సిగ్గేసింది. సిగ్గేసిందని చెప్పలేదు. "పెట్రోలు దండగ" అన్నాను.

జూలై 20

వాడు వస్తూనే ఉన్నాడు. ఈ రోజు రెండుసార్లు హారన్ కొట్టాడు. నిదానించాను. నిదానిస్తే ఆగిపోతుంది.

పదహారేళ్ళ కిందట నేనే వాడికి జీపు నేర్పాను. ఇప్పుడు వాడి హారన్‌కు నేను నడుపుతున్నాను.

జూలై 24

అమావాస్య. హేమలత గుమ్మడికాయ దిష్టి తీసి ట్రాలీ ముందు పగలగొట్టింది. అందరి కళ్ళూ దాని మీదే ఉన్నాయంది. అది కూడా నిజమే కావచ్చు. వేలితో లేపి చూసినవాళ్ళు తక్కువమందా?

తిప్పేస్వామి షాపు ముందు నుంచే పోయాను ఈ రోజు. వెల్డింగు చేస్తున్నాడు. ఆపుదామనుకున్నాను. మొహానికి అడ్డం పెట్టుకున్న అద్దం తీసి నావైపు చూశాడు. చెయ్యి ఊపి పోయాను.

జూలై 27

ఓబిలేష్.

ఆగస్టు 2

రాయాలి. ఎవరికీ చెప్పలేను కాబట్టి ఇక్కడైనా.

ఆదివారం గుత్తి నుంచి రెండు బండ్లు వేసుకుని బయల్దేరాం. జీపులో నేను, వెనక తన బండి మీద ఓబిలేష్. ఇసుక సంచులు తోక దగ్గరే ఉన్నాయి. రోడ్డు దిగుడు మొదలైంది. హారన్ మోగింది. అద్దంలో చూస్తే ట్రాలీ తోక అటూ ఇటూ పోతోంది. నిదానించాలని తెలుసు. నిదానించలేదు. కోపం వచ్చింది. నా చేత జీపు నేర్చుకున్నవాడు నాకు నేర్పుతున్నాడా అనుకున్నాను. యాక్సిలరేటర్ తొక్కాను. అరవై దాటింది. రెండోసారి మోగింది. మూడోసారి ఆపకుండా మోగింది. ఆ తర్వాత హారన్ ఆగిపోయింది. వాడు కుడిపక్క నుంచి ముందుకు వచ్చాడు, చెయ్యి పైకెత్తి ఊపుతూ. నోరు కదలడం కనిపించింది. మాట వినపడలేదు. స్టీరింగు నా చేతిలో నిలవలేదు. భయపడి బ్రేకు గట్టిగా తొక్కాను.

ట్రాలీ కుడివైపుకు తిరిగింది.

ఎడమ కాలు మోకాలి కింద నుంచి తీసేశారు. నిన్నటిదాకా మనిషి దక్కుతాడో లేదో చెప్పలేమన్నారు. ఈ రోజు దక్కాడన్నారు. చౌడేశ్వరి నా కాళ్ళు పట్టుకుని ఏడ్చింది, నేనే తెచ్చి ఆసుపత్రిలో చేర్చి బతికించానని. వెనక్కి జరగడానికి గోడ అడ్డమొచ్చింది.

ఎలా జరిగిందని పోలీసులు అడిగారు. గాలి అని రాయించాను.

ఆగస్టు 4

ఓబిలేష్‌కి తెలివొచ్చింది. నన్ను చూసి అన్న మొదటి మాట: "తప్పు నాదే అన్నా. పక్కకు రాకుండా ఉండాల్సింది. నీ మీద ఎవరన్నా ఏమన్నా అంటే నాతో జెప్పు."

తల ఊపాను. ఊపాను నేను.

ఆగస్టు 6

జీపునూ ట్రాలీనీ వదిలారు. ఓబిలేష్ బండిని కూడా తీసుకుపొమ్మన్నారు. ముందు చక్రం వంకరపోయి లోపలికి నొక్కుకుపోయింది, హ్యాండిల్ తిరగదు. ట్రాలీలో బండ్లు నిలబెట్టే పట్టాల మీద అది వెనక నిలవలేదు. నలుగురు కానిస్టేబుళ్ళు సాయం పట్టి దాన్ని ముందు పలకకు ఆనించి పడుకోబెట్టి తాళ్ళు కట్టారు. ఇసుక సంచులు ఆ రోజే పగిలిపోయాయి. నొగ ఎత్తబోతే నా వల్ల కాలేదు. ఇద్దరు పట్టి తగిలించారు. సిమెంటు మూటంత ఉంటుంది.

విపరీతమైన గాలి. రోడ్డు పక్క తుమ్మచెట్లు వంగిపోతున్నాయి. గాలిమరలు గిరగిరా తిరుగుతున్నాయి. ఎదురుగా వచ్చిన బస్సు దుమ్ములో కనపడక లైట్లు వేసుకుని వచ్చింది. నలభైలో పోయాను. ఊగలేదు. యాభై. ఊగలేదు. అదే దిగుడు, వాడు పడిన చోటు. రోడ్డు మీద ఆకుపచ్చ రంగు గీతలు ఇంకా ఉన్నాయి. అరవై పోనిచ్చాను. నిజం చెప్పాలంటే ఊగాలని దేవుణ్ణి వేడుకున్నాను. ఒక్కసారి ఊగితే చాలు, గాలే అని బతికేస్తాను.

నిండు బిందె ఎత్తుకున్న ఆడమనిషి నడిచినట్టు వచ్చింది బత్తలపల్లె దాకా.

ఇంటికొచ్చి ఈ డైరీ వెనక్కి తిప్పాను. జూలై 9. ఆ రోజు గాలి లేదని నా చేత్తో నేనే రాసుకున్నాను. దాని కిందే అన్నంలో దుమ్ము పడిందని రాశాను. ఆ రోజే నాకు తెలుసు. నొగ ఎత్తలేక నడుము చురుక్కుమన్నప్పుడే తెలుసు, హుక్కు మీద బరువుంటే తోక ఊగదని. అంతకుముందు మే 31ననే చెప్పినవాడు చెప్పాడు.

నాయనా, నీ ఎద్దులు నడిచేవి. పరిగెత్తినా ఎంత పరిగెత్తాయి? నీ తప్పేమీ లేదు. నీ పేరు అడ్డం పెట్టుకున్నది నేను.

ఆగస్టు 7

ఆసుపత్రిలో ఓబిలేష్ మంచం పక్కనే కూర్చుని ఉన్నాను. చౌడేశ్వరి రాగిజావ తాగిస్తోంది. శివప్ప ఫోన్ వచ్చింది. షాపులో ఇంజన్ల మోతకు అలవాటుపడి ఎప్పుడూ స్పీకర్ పెట్టే మాట్లాడతాను. చెయ్యి దానంతట అదే నొక్కింది.

"ఏమప్పా రాజేంద్రా, మీ తమ్ముని సంగతి ఇప్పుడే తెలిసినాది. ఎట్లుండాడు?"

"పర్వాలేదు."

"దేవుడు సల్లగా చూసినాడు. ఈ టైములో అడగకూడదు గానీ, ఒగ మాట. నీ కొలతలతోనే ట్రాలీ కట్టించినాను. వేలితో లేస్తాది, చూసినోళ్ళంతా మెచ్చుకుంటాండారు. కానీ కొంచెం జోరుగా పోతే తోక ఊగుతాండాది. రేపు మా పెద్దోడు దాన్నేసుకొని కల్యాణదుర్గం పోవల్ల. గాలే కదప్పా?"

ఓబిలేష్ జావ తాగడం ఆపాడు. నా మొహం వైపు చూస్తున్నాడు. వాడి చూపులో అనుమానం ఏమీ లేదు. అన్న ఏం చెప్తాడో విందామని చూస్తున్నాడు, చిన్నప్పుడు చూసినట్టే.

అవును గాలే అంటే ఒక్క మాటతో అయిపోయేది. బయటికి పోయి మాట్లాడతానని లేచినా అయిపోయేది. లేవబోయాను కూడా. రేపు కల్యాణదుర్గం దారిలో ఆ పిల్లవాడు కూడా అద్దంలో తోక చూసుకుంటూ గాలి గాలి అనుకుంటూ పోతాడు.

"గాలి కాదు శివప్పా" అన్నాను. "మీవాణ్ణి పంపించొద్దు. ఇరుసు తప్పు చోట ఉండాది. జానెడు వెనక్కి ఉండాల్సింది. ముందుకు పెట్టించింది నేనే."

"మల్ల ఆ దినం నాకేమిటికి జెప్పలేదు?" అన్నాడు శివప్ప.

"జెప్పలేదు" అన్నాను. ఫోన్ పెట్టేశాను.

చౌడేశ్వరి గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది. ఓబిలేష్ చాలాసేపు దుప్పటి వైపు, కాలు ఉండాల్సిన చోటు వైపు చూశాడు. తర్వాత అడిగాడు: "తిప్పేస్వామి జెప్పినాడా అన్నా?"

"జెప్పినాడు."

"ఎప్పుడు?"

"కొలతలు ఇచ్చిన దినమే. నువ్వు టీ జెప్పను పోయినావు."

తిట్టి ఉంటే బాగుండేది. వాడు మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. చౌడేశ్వరి గిన్నె బల్ల మీద పెట్టి వచ్చి, నాకూ మంచానికీ మధ్య నిలబడింది. కాసేపటికి నేనే లేచి బయటికొచ్చాను. పొద్దుగూకే దాకా ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నాను. లోపలికి రమ్మని ఎవరూ పిలవలేదు.

నడుము నొప్పి లేదు.